సముద్ర జీవశాస్త్ర పరిశోధన, సముద్ర సంరక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

సముద్రమంటే ఇష్టపడేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఏం చూశాం, ఎంత చూశాం, ఏ పద్ధతిలో చూశాం అని రాసిపెట్టేవాళ్ళు తక్కువ. కాపాడే పని ఆ రాతతోనే మొదలవుతుంది కాబట్టి ఈ జవాబుల్లో కొలతల గురించే ఎక్కువ ఉంటుంది. మంచి మనసుతో చేసినా పద్ధతి తప్పితే ప్రాణులకు నష్టం చేసే పనులు కొన్ని ఉన్నాయి. వాటిని ఎక్కడికక్కడ చెప్పాం.

సముద్ర జీవశాస్త్రం అంటే తిమింగలాలు, డాల్ఫిన్ల చదువేనా?

అది చాలా చిన్న భాగం. సముద్రంలో ప్రాణమంతా కంటికి ఆనని వాటి మీద నిలబడి ఉంది. ప్రోక్లోరోకాకస్ అనే బ్యాక్టీరియా మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకునే జీవుల్లో సంఖ్యలో దీన్ని మించింది లేదు. అయినా శాస్త్రవేత్త శాలీ చిజమ్ బృందం 1988లో దాని గురించి ప్రచురించే దాకా అలాంటిది ఒకటుందని శాస్త్రానికి తెలియదు. పరిశోధకుల్లో ఎక్కువమంది పని చేసేది ఇలాంటి సూక్ష్మజీవులు, ప్లవకాలు (ప్లాంక్టన్, అంటే ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు పోయే చిన్న జీవులు), పురుగులు, నత్తలు, నాచు, చేపల మీదే.

ఈత రాదు, డైవింగ్ రాదు. నాకు పని ఉంటుందా?

చాలా ఉంటుంది. ఒడ్డు సర్వేలు, మైక్రోస్కోపు కింద నమూనాలు లెక్కించడం, ఫొటోలతో జంతువులను గుర్తుపట్టడం, గణాంకాలు, కంప్యూటర్ పని: వీటిలో దేనికీ నీళ్ళలో దిగాల్సిన పని లేదు. గణాంకాలు బాగా వచ్చినవాళ్ళ కొరత అన్నిచోట్లా ఉంది.

పాటు సమయంలో బయటపడే రాళ్ళ మీద జీవులను ఎలా లెక్కించాలి?

50 సెంటీమీటర్ల చదరపు చట్రం ఒకటి చేసుకోండి. ప్లాస్టిక్ పైపు చాలు. ప్రతి 10 సెంటీమీటర్లకు దారం కట్టి 25 గళ్ళు చేయండి. ఒక్కో గడి 4 శాతం. ఆటుపోట్ల పట్టిక చూసి, నీళ్ళు పూర్తిగా తగ్గడానికి గంటన్నర ముందే చేరుకోండి. తగ్గే నీటి వెంట కిందికి దిగి, అన్నిటికన్నా దిగువ భాగాన్ని నీరు బాగా తగ్గిన సమయంలో ముగించి, పోటు వెంట పైకి రండి. ఈ వరస తప్పితే దిగువ భాగం లెక్క ఎప్పటికీ అసంపూర్తిగానే మిగులుతుంది.

చట్రం ఎక్కడ పెట్టాలో మీ కన్ను నిర్ణయించకూడదు. అందరి చేయీ తెలియకుండానే జీవులు ఎక్కువగా ఉన్న చోటికే పోతుంది. ముందే యాదృచ్ఛిక సంఖ్యలు రాసుకుని, టేపు మీద ఆ మీటరు దగ్గరే పెట్టండి. ఉత్త రాయి వచ్చినా సరే, అదీ లెక్కే. పొడవాటి నాచు పరుచుకుని ఉంటే ముందు దాన్ని లెక్కించి, ఆ తర్వాత పక్కకు తప్పించి కింద ఉన్నవాటిని లెక్కించండి.

రాయి తిరగేస్తే, చూసిన వెంటనే ఎలా ఉన్నదాన్ని అలాగే బోర్లించండి. తిరగేసి వదిలేసిన రాయికి రెండు వైపులా చావే. అడుగున బతికే పురుగులు, స్పాంజీలు ఎండకు మాడిపోతాయి. పైన ఉన్న నాచు చీకట్లో చచ్చిపోతుంది.

పగడపు దిబ్బ ఆరోగ్యం ఎలా కొలుస్తారు?

పద్ధతులు చాలా ఉన్నాయి. స్వచ్ఛంద బృందాలు ఎక్కువగా వాడే రీఫ్ చెక్ పద్ధతి ఇది. ఒకే లోతులో 100 మీటర్ల టేపు పరుస్తారు. అందులో 20 మీటర్ల ముక్కలు నాలుగు, ఒక్కో ముక్కకు మధ్య 5 మీటర్ల ఖాళీ. టేపు పరిచాక 15 నిమిషాలు దూరంగా జరిగి ఆగాలి. మనిషి కదలికకు చెదిరిన చేపలు తిరిగి రావడానికి ఆ వ్యవధి. ముందు చేపలు, తర్వాత పీతలు, రొయ్యలు, సముద్రపు అర్చిన్ల వంటివి, చివర్న అడుగు. చేపలను టేపుకు రెండు వైపులా రెండున్నర మీటర్ల చొప్పున, 5 మీటర్ల వెడల్పు పట్టీలోనే లెక్కించాలి.

అడుగు లెక్కకు ప్రతి అర మీటరు దగ్గరా దారానికి కట్టిన చిన్న గుండును టేపు మీది నుంచి వదులుతారు. అది దేన్ని తాకితే దాన్నే రాయాలి: గట్టి పగడం, మెత్తటి పగడం, స్పాంజి, నాచు, రాయి, ఇసుక, ఈమధ్యే చచ్చిన పగడం ఇలా. ముక్కకు 40 పాయింట్లు, మొత్తం 160. అందులో 56 చోట్ల బతికిన గట్టి పగడం తగిలితే 35 శాతం అన్నమాట.

ఎక్కడ తప్పుతుందంటే:

- ప్రవాహానికి టేపు ఊగుతుంటే గుండు ఎక్కడ పడితే అక్కడ తాకుతుంది. రాతి సందుల్లో, చచ్చిన అడుగు మీద టేపును బిగువుగా ఇరికించాలి. బతికిన పగడానికి చుట్టకూడదు.
- గుండు ఇసుక మీద పడినప్పుడు పక్కనే ఉన్న అందమైన పగడాన్ని రాసేయాలనిపిస్తుంది. ఒక్కో ముక్కలో రెండు పాయింట్లు అలా మారినా మొత్తం 5 శాతం పెరిగిపోతుంది.
- వెనక నుంచి దాటి ముందుకొచ్చిన చేపను మళ్ళీ లెక్కించడం.
- ఈ ఏడాది 35, వచ్చే ఏడాది 32 వస్తే పగడం తగ్గిందని ప్రకటించడం. 160 పాయింట్లలో అది 5 పాయింట్ల తేడా. టేపు అరచేతి వెడల్పు పక్కకు జరిగినా అంత తేడా వస్తుంది.

అందుకే ఏటా అదే చోటికి రావడానికి అడుగున స్టీలు కడ్డీలు దిగగొడతారు. కొత్తవాళ్ళు పాతవాళ్ళతో కలిసి ఒకే టేపును విడివిడిగా లెక్కించి, రెండు లెక్కలూ పోల్చుకున్నాకే అసలు సర్వేకి దిగాలి.

తెల్లబడిన పగడం చచ్చిపోయినట్టేనా?

కాదు. ఈ తేడా తెలియక చాలా రిపోర్టులు పాడవుతున్నాయి. పగడం కణాల్లో జువాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు ఉంటాయి. పగడానికి కావాల్సిన శక్తిలో 90 శాతం దాకా అవే ఇస్తాయి. నీరు వేడెక్కితే పగడం వాటిని బయటకు తోసేస్తుంది. అప్పుడు మిగిలేది గాజులా పారదర్శకమైన కండ. దాని కింద సున్నపు అస్థిపంజరం తెల్లగా మెరుస్తుంది. ఇలా తెల్లబడడాన్నే బ్లీచింగ్ అంటారు. అది ఆకలితో ఉన్న పగడం, బతికే ఉంది.

దగ్గరగా, ఒక జానెడు దూరం నుంచి చూడండి. బతికి ఉంటే అస్థిపంజరం గళ్ళ మీద సన్నటి జిగురు పొరలాంటి కండ కనిపిస్తుంది, గళ్ళ అంచులు మెత్తగా, నిండుగా ఉంటాయి, కొన్నిటికి ముడుచుకున్న చిన్న చిన్న మీసాల్లాంటి టెంటకిల్స్ ఉంటాయి. చచ్చిపోయి ఉంటే గళ్ళ అంచులు చాకుతో చెక్కినట్టు పదునుగా, ఖాళీగా ఉంటాయి. కొన్ని రోజుల్లోనే వాటి మీద పచ్చటి, గోధుమరంగు నాచు నూగు మొదలవుతుంది. వేలితో తాకి చూడకండి. ఆ దశలో కండ చిరిగితే మానదు. తేదీతో ఫొటో తీసి, నాలుగు నుంచి ఆరు వారాలకు మళ్ళీ అక్కడికే వెళ్ళి చూస్తే పగడం కోలుకుందో పోయిందో తేలుతుంది.

బ్లీచింగ్ ముందే తెలుస్తుందా?

చాలావరకు తెలుస్తుంది. అమెరికా సంస్థ నోవా ఉపగ్రహాలతో సముద్ర ఉపరితలపు వేడిని కొలిచి ‘డిగ్రీ హీటింగ్ వీక్స్’ అనే లెక్క కడుతుంది. ఆ చోట ఏడాదిలో అన్నిటికన్నా వెచ్చటి నెల సగటును తీసుకుంటారు. దానికి ఒక డిగ్రీ, అంతకన్నా ఎక్కువ దాటిన వేడిని 12 వారాల పాటు కూడుతూ పోతారు. రెండు డిగ్రీల అధిక వేడి రెండు వారాలుంటే లెక్క 4. 4 దాటితే బ్లీచింగ్ చెప్పుకోదగ్గంతగా వస్తుంది. 8 దాటితే విస్తారంగా వచ్చి చావులు కూడా మొదలవుతాయి. ప్రపంచవ్యాప్త బ్లీచింగ్ 1998, 2010, 2014–17లలో నమోదైంది. నాలుగోది సాగుతోందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు.

అయితే పగడపు ముక్కలు నాటితే సరిపోదా?

చిన్న చోట, సరైన కారణానికి చేస్తే పనికొస్తుంది. లంగరు దెబ్బకో తుపానుకో విరిగిన దిబ్బకు అది వైద్యం. వేడెక్కుతున్న నీటికి అది వైద్యం కాదు. 2023 వేసవిలో ఫ్లోరిడా తీరంలో నీరు వేడెక్కినప్పుడు, నర్సరీల్లో పెంచుతున్న పగడాలను బతికించుకోవడానికి ఒడ్డు మీది తొట్టెల్లోకి తరలించాల్సి వచ్చింది.

చేసేవాళ్ళకు కొన్ని మాటలు. 5 నుంచి 10 సెంటీమీటర్ల ముక్కలు చాలు. విరిగి పడి ఉన్నవాటినే ముందు ఏరుకోవాలి, ఆరోగ్యంగా ఉన్న తల్లి పగడాన్ని పెద్దగా కోయకూడదు. ముక్క కదలకుండా ఉంటేనే అతుక్కుంటుంది. కట్టిన దారం వదులైతే అలకు రాపిడై కండ లేచిపోతుంది. మొదటి నెలల్లో నాచును బ్రష్షుతో తీసేస్తూ ఉండాలి. పగడాన్ని తినే డ్రుపెల్లా నత్తలను ఏరేయాలి. అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఒకే తల్లి నుంచి వంద ముక్కలు చేయడం. అవన్నీ జన్యుపరంగా ఒకటే. ఒక జబ్బు వస్తే అన్నీ కలిసి పోతాయి. ఏ ముక్క ఏ తల్లిదో ట్యాగు కట్టండి.

ప్లాంక్టన్ వల ఎలా లాగాలి? ఎన్ని ఉన్నాయో ఎలా చెప్తారు?

జంతు ప్లవకాలకు 200 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్ను వల, వృక్ష ప్లవకాలకు 20 మైక్రాన్ల కన్ను వల వాడడం మామూలు. పడవ వేగం 1–2 నాట్లు (గంటకు సుమారు 2–4 కిలోమీటర్లు) దాటకూడదు. వేగం పెరిగితే వల నోటి ముందు నీరు ఎదురుతన్ని పక్కలకు పోతుంది, ప్లవకాలూ దాంతో పాటే పోతాయి. వల గుండా ఎంత నీరు పోయిందో కొలిచే ఫ్లోమీటరును వల నోటిలో కట్టాలి. దాన్ని నడిమధ్యలో కాకుండా, కేంద్రానికీ అంచుకూ మధ్యలో కడతారు.

లెక్క ఇలా. నోరు 50 సెంటీమీటర్ల వ్యాసమైతే దాని వైశాల్యం 0.196 చదరపు మీటర్లు. ఫ్లోమీటరు 200 మీటర్లు చూపిస్తే వడగట్టిన నీరు దాదాపు 39 ఘనపు మీటర్లు. నమూనాను 500 మిల్లీలీటర్లకు సరిచేసి, నెమ్మదిగా కలిపి 5 మిల్లీలీటర్లు తీసి చూస్తే కోపెపాడ్లు అనే చిన్న రొయ్యల్లాంటి ప్లవకాలు 120 కనిపించాయనుకోండి. మొత్తం 12,000. ఘనపు మీటరుకు సుమారు 306.

నాచు ఎక్కువగా ఉన్న నీటిలో సన్న కన్ను వల పూడుకుపోతుంది. వల నీటిలో ఉన్నా నీరు లోపలికి పోదు. అదే దూరం లాగినా ఫ్లోమీటరు తక్కువ చూపించిందంటే కారణం చాలాసార్లు ఇదే. అప్పుడు లాగే సమయం తగ్గించండి. పైకి తీశాక వలను బయటి వైపు నుంచి మాత్రమే సముద్రపు నీటితో కడగాలి. నోటి లోంచి నీళ్ళు పోస్తే ఆ నీటిలోని ప్లవకాలు కూడా మీ లెక్కలో చేరతాయి.

నిల్వకు తొమ్మిది పాళ్ళ నమూనాకు ఒక పాలు గాఢ ఫార్మలిన్, అందులో బోరాక్స్. బోరాక్స్ వేయకపోతే ఫార్మలిన్ ఆమ్లంగా మారి నత్త పిల్లల సున్నపు గుల్లలను కరిగించేస్తుంది. కొన్ని నెలల తర్వాత సీసా తెరిస్తే గుల్ల లేని ముద్దలు కనిపిస్తాయి. ఫార్మలిన్ విషం కాబట్టి గాలి ఆడే చోట, గ్లవ్స్ వేసుకునే పోయాలి. డీఎన్‌ఏ పని ఉంటే ఫార్మలిన్ వద్దు, 95 శాతం ఇథనాల్ వాడండి.

లాగిన వేళ తప్పకుండా రాయండి. జంతు ప్లవకాల్లో చాలా రకాలు పగలు లోతుకు దిగి, రాత్రి పైకి వస్తాయి. పగటి నమూనాను రాత్రి నమూనాతో పోల్చి ‘పెరిగాయి’ అనడం తరచుగా చూసే తప్పు.

లీటరు నీటితో అందులో ఏ చేపలున్నాయో చెప్పగలరా?

జీవులు వదిలే పొలుసులు, జిగురు, మలంతో నీటిలో డీఎన్‌ఏ మిగులుతుంది. ఒకటి రెండు లీటర్లను 0.45 మైక్రాన్ల ఫిల్టరు గుండా వడగట్టి, ఆ డీఎన్‌ఏను చదివి, తెలిసిన జాతుల జాబితాతో పోలుస్తారు. అరుదైన వాటిని పట్టుకోవడానికి బాగా పనికొస్తుంది. అయితే అది ఎన్ని ఉన్నాయో చెప్పదు, బతికి ఉన్నాయో లేదో చెప్పదు. ప్రవాహం పక్క చోటి డీఎన్‌ఏను కూడా మోసుకొస్తుంది. మీరు పొద్దున తిన్న చేప ఆనవాలు కూడా ఫలితంలో కనిపించగలదు. అందుకే పరికరాలను బ్లీచింగ్ ద్రావణంతో కడగడం, ప్రతి నమూనాకు గ్లవ్స్ మార్చడం, ప్రతి విడతలో శుభ్రమైన నీటిని కూడా అదే దారిలో వడగట్టి ‘ఖాళీ నమూనా’గా పరీక్షించడం తప్పనిసరి.

మైక్రోప్లాస్టిక్ లెక్కల్లో నమ్మదగ్గవి ఏవి?

5 మిల్లీమీటర్ల లోపు ప్లాస్టిక్ ముక్కలను మైక్రోప్లాస్టిక్ అంటారు. రిపోర్టు చేతికి వస్తే మూడు విషయాలు చూడండి. వల కన్ను ఎంతో రాశారా? 333 మైక్రాన్ల వలతో వచ్చిన సంఖ్యను, ఫిల్టరు కాగితంతో వచ్చిన సంఖ్యను పోల్చడానికి లేదు. ఖాళీ నమూనా పెట్టారా? గాలిలో ఎగిరే బట్టల పోగులే చాలా నమూనాలను పాడుచేస్తాయి. అందుకే ప్రయోగశాలలో పాలియెస్టర్ వేసుకోరు, నూలు కోటు వేసుకుంటారు. ముక్కలు ప్లాస్టిక్కేనని, పదార్థమేదో కాంతితో గుర్తుపట్టే ఇన్‌ఫ్రారెడ్ లేదా రామన్ యంత్రంతో ధ్రువీకరించారా? కంటితో నీలం పోగు అని రాసినవాటిలో నూలు కూడా ఉంటుంది.

చేప కడుపులోంచి తీసేటప్పుడు కండను 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కరిగిస్తారు. వేడిని 40 డిగ్రీల దగ్గర ఉంచండి. త్వరగా కరగాలని 60 దాటిస్తే కొన్ని రకాల ప్లాస్టిక్ కూడా దెబ్బతింటుంది.

తాబేలు గుడ్లను తీసి భద్రమైన చోట పెట్టొచ్చా?

అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. అనుమతి ఉన్నా అది ఆఖరి దారి కావాలి. పోటుకు గూడు మునిగిపోయేలా ఉన్నప్పుడు, దొంగలు, కుక్కల బెడద తప్పనప్పుడు మాత్రమే.

గుడ్డు పెట్టిన కొన్ని గంటలకు పిండం పెంకు లోపలి పై భాగానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు దొర్లితే పిండం చిరిగి చచ్చిపోతుంది. బయటికి ఏమీ తెలియదు. యాభై రోజులు ఆగాక గూడు తవ్వితేనే బయటపడుతుంది. కాబట్టి పెట్టిన రెండు గంటల్లోపు తరలించడం ఉత్తమం, ఆరు గంటలు దాటితే కదపకపోవడమే మంచిది. గూటిలోని తడి ఇసుకతో పాటు బకెట్టులో, ఏ గుడ్డు ఏ వైపు ఉందో ఆ వైపే ఉండేలా పేర్చాలి. కడగకూడదు. కొత్త గుంత అసలు గూడంత లోతుతో, సన్నటి మెడ, కింద గుండ్రటి పొట్ట ఉన్న కుండ ఆకారంలో ఉండాలి. గూటికి గూటికి కనీసం మీటరు దూరం. ఏటా అదే ఇసుకలో పెడితే పాత గుడ్ల నుంచి బూజు, బ్యాక్టీరియా పేరుకుంటాయి, చోటైనా మార్చాలి, ఇసుకైనా మార్చాలి.

వేడిని తప్పకుండా కొలవండి. పొదిగే కాలంలో మధ్య మూడో వంతులో ఇసుక వేడే ఆడా మగా నిర్ణయిస్తుంది. దాదాపు 29 డిగ్రీల దగ్గర రెండూ కలిసి వస్తాయి, అంతకన్నా వేడైతే ఆడవి పెరుగుతాయి. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉత్తర భాగపు తీరాల నుంచి వచ్చిన, ఇంకా ఎదగని పచ్చ తాబేళ్ళలో 99 శాతం పైగా ఆడవేనని 2018లో ప్రచురించిన అధ్యయనం చూపింది. కంచె వేసి ఎండలో వదిలేసిన హ్యాచరీ తెలియకుండానే ఆడపిల్లలనే తయారుచేస్తుంటుంది. అవసరమైతే నీడ కట్టాలి.

పిల్లలు పైకి రాగానే, చీకట్లోనే వదలాలి. ఉదయం జనం ముందు వదలడానికి తొట్టిలో ఉంచకండి. పుట్టిన తొలి రోజు అవి ఆగకుండా ఈది తీరం నుంచి దూరం పోవడానికే పచ్చసొన శక్తి దాచుకుని ఉంటాయి. తొట్టిలో అదంతా గోడలకు కొట్టుకుంటూ ఖర్చయిపోతుంది. ఇసుక మీద నడవనివ్వండి. రోజూ ఒకే చోట వదిలితే చేపలు అక్కడ కాపు కాస్తాయి, చోటు మారుస్తూ ఉండండి. తెల్లటి దీపాలు వద్దు. తప్పదనుకుంటే 560 నానోమీటర్ల పైన ఉండే ఎరుపు, కాషాయపు కాంతి, అదీ నేలకేసి.

వలల్లో తాబేళ్ళు చావకుండా ఏం చేయొచ్చు?

తాబేలు గాలి పీల్చే జంతువు. పడవ వెనక లాగే ట్రాల్ వలలో చిక్కి పైకి రాలేక మునిగిపోతుంది. వల మెడలో బిగించే టెడ్ అనే ఊచల చట్రం దీనికి మందు. ఊచల మధ్య ఖాళీ 10 సెంటీమీటర్ల లోపు. రొయ్యలు ఊచల మధ్య నుంచి సంచిలోకి పోతాయి, తాబేలు ఏటవాలు చట్రానికి తగిలి పక్కనున్న మూత లోంచి బయటపడుతుంది. చట్రం కోణం 30 నుంచి 55 డిగ్రీల మధ్య ఉండాలి. మరీ నిటారుగా ఉంటే తాబేలు అక్కడే ఇరుక్కుంటుంది, మరీ వాలితే రొయ్యలు జారిపోతాయి. రొయ్యలు పోతున్నాయని మత్స్యకారులు ఫిర్యాదు చేస్తే కొట్టిపారేయకండి. చాలాసార్లు కోణం తప్పో, ఊచలకు చెత్త పట్టడమో నిజంగానే కారణమవుతుంది. పడవ మీదే సరిచేసి చూపిస్తే వాళ్ళే వాడతారు.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్‌ను సముద్రంలోకి తోసేయాలా?

తోయకండి. ముందు అటవీ లేదా మత్స్య శాఖకు, రక్షక బృందానికి కబురు పెట్టండి. ఈలోగా పొట్ట కిందికి ఉండేలా నిలపండి, రెక్కల కింద ఇసుక తవ్వండి, తడి గుడ్డలు కప్పి నీళ్ళు చల్లుతూ ఉండండి. నెత్తిన ఉన్న శ్వాసరంధ్రం మీద గుడ్డగానీ నీళ్ళుగానీ పడనివ్వకండి. తోక పట్టి లాగితే కీళ్ళు ఊడతాయి. జనాన్ని, కుక్కలను దూరంగా, నిశ్శబ్దంగా ఉంచండి. దాని ఊపిరి ఎదురుగా నిలబడకండి, జబ్బులు అంటవచ్చు.

రక్షిత ప్రాంతం అని ప్రకటిస్తే చేపలు నిజంగా పెరుగుతాయా?

పూర్తిగా వేట ఆపి, ఆ మాట మీద నిలబడితే పెరుగుతాయి. మెక్సికోలోని కాబో పుల్మోలో 1995లో పార్కు ఏర్పడింది. ఊరివాళ్ళే కాపలా కాశారు. 1999 నుంచి 2009 మధ్య అక్కడ చేపల మొత్తం బరువు 463 శాతం పెరిగింది. పెద్ద చేపలు మిగలడమే దీనికి కీలకం. బరువు రెండింతలైన ఆడచేప చాలా జాతుల్లో రెండింతల కన్నా ఎక్కువ గుడ్లు పెడుతుంది. పటంలో గీత గీసి కాపలా పెట్టని చోట ఏమీ మారదు.

2030 నాటికి సముద్రాల్లో 30 శాతాన్ని కాపాడాలని 2022 డిసెంబరులో కున్మింగ్–మాంట్రియల్ ఒప్పందంలో దేశాలు అంగీకరించాయి. ఏ దేశానికీ చెందని బహిరంగ సముద్రాల కోసం 2023 జూన్‌లో ఆమోదించిన ఒప్పందం, 60 దేశాలు ధ్రువీకరించాక 2026 జనవరి 17న అమల్లోకి వచ్చింది.

ఏమీ కనబడని రోజు ఏం రాయాలి?

సున్నా అని రాయండి. ఇది ఎంత ముఖ్యమో నొక్కి చెప్పాలి. వెతికినా కనబడలేదు, అసలు వెతకలేదు: రెంటికీ ఖాళీ గడి వదిలితే పదేళ్ళ తర్వాత ఎవరికీ తేడా తెలియదు. వెతికితే 0, వెతక్కపోతే గీత.

ప్రతి పేజీ మీద తేదీ, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, జీపీఎస్ స్థానం, లోతు, నీటి వేడి, చూపు ఆనే దూరం, ఎవరు లెక్కించారు అన్నవి ఉండాలి. నీళ్ళలో వాటర్‌ప్రూఫ్ కాగితం మీద పెన్సిల్ వాడండి, పెన్ను సిరా చెదిరిపోతుంది. జాతి పేరు కచ్చితంగా తెలియకపోతే ఊహించి రాయకుండా పై వర్గం పేరు రాసి ఫొటో నంబరు వేయండి. తప్పు రాస్తే రబ్బరుతో చెరపకండి, ఒక్క గీత కొట్టి పక్కన రాయండి. పడవ దిగగానే, ఒంటి ఉప్పు కడుక్కోకముందే, ప్రతి షీటునూ ఫొటో తీసి ఇంకొకరికి పంపండి.